సమాధుల తోట చూసుకోబోయే పిల్లలకు

చిరంజీవులైన మన క్రైస్తవ సంఘం యవ్వనస్థులకు,

మీ పెద్దతాతయ్య దీవెనలు. ఈ ఏడాది నుంచి సమాధుల తోట పనులు మీ చేతికి వస్తున్నాయి. తాళంచెవీ రిజిస్టరూ ఇచ్చేసి పక్కకు తప్పుకుంటే సరిపోదు గనక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

గొయ్యి అంటే ఆరడుగులు అని ఊరంతా అంటుంది. మెట్ట ప్రాంతంలో అది చెల్లుతుందేమో గానీ, మన గోదావరి డెల్టాలో శ్రావణమాసంలో ఆరడుగులు తవ్వితే అది నుయ్యి అవుతుంది. ఇక్కడ ఎంత లోతు తవ్వాలో, ఏ వేళకు తవ్వాలో, పైన కట్టుబడి ఎప్పుడు చేయాలో అన్నీ నేల కింది నీటిని బట్టే తేల్చుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైన దగ్గర్నుంచి మన నేలలో ఊట కాలువతోపాటే ఎక్కుతుంది, దిగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీరు బాగా కిందికి పోతుంది. జూన్‌లో కాలువ వదిలి, నాట్లు పడ్డాక పైకి వస్తుంది. వానలు కూడా తోడైతే పల్లపు ఊళ్ళలో మూడడుగులకే తగులుతుంది.

అందుకని కబురు రాగానే చేయాల్సిన మొదటి పని కొలతలు గీయడం కాదు. అనుకున్న చోటికి రెండు గజాల అవతల గునపంతో ఐదడుగుల బొక్క వేసి, గంట ఆగి, కర్ర దించి చూడండి. కర్ర ఎక్కడిదాకా తడిసిందో అంతకు అరడుగు పైనే మీ గొయ్యి ఆగాలి. శవపెట్టె ఎత్తు అడుగున్నర, దాని మూత మీద మూడడుగుల మట్టి తప్పనిసరి. అంటే పొడి రోజుల్లో నాలుగున్నర అడుగులు చాలు. మూడున్నర అడుగులకే నీరు కనబడితే మూడడుగులే తవ్వి, తక్కువైన అడుగున్నర పైన మెరకగా పొయ్యాలి. ఆ మెరక గొయ్యికి నాలుగు పక్కలా అడుగున్నర బయటికి రావాలి, లేకపోతే మొదటి జడివానకే అంచులు జారిపోతాయి. దీనికి తవ్విన మట్టి చాలదు, ఇంకో అర ట్రక్కు బయటినుంచి తోలించుకోవాలి. చూడ్డానికి బాగోదని ఇంటివాళ్ళు గొణిగినా వినకండి. మూడడుగుల మట్టి లేకపోతే వాసన బయటికి వస్తుంది, కుక్కలు తవ్వుతాయి. ఈ రెండిటికీ మించిన అగౌరవం లేదు.

నీళ్ళలో పెట్టె దించితే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె మనిషితో కలిపి నూరు కిలోలు ఉందనుకోండి. ఘనపుటడుగు నీరు 28 కిలోల పైచిలుకు. అంటే గొయ్యిలో నాలుగంగుళాల నీరున్నా ఆ పెట్టె తేలడానికి సరిపోతుంది. దించిన పెట్టె ఒక పక్కకు ఒరిగి పైకి లేస్తుంటే కర్రలతో అదిమిపట్టి మట్టి వెయ్యడం ఆ ఇంటివాళ్ళు చూడాల్సిన దృశ్యం కాదు. అందుకే వానాకాలంలో పెట్టె చేసే వడ్రంగికి ముందే చెప్పి, అడుగున ఉండే చెక్కకు బొటనవేలు పట్టేంత బెజ్జాలు ఆరు వేయించండి. నీరు లోపలికి వస్తే పెట్టె తేలకుండా అడుగునే నిలుస్తుంది. గొయ్యి అడుగున కాళ్ళవైపు మూలలో జానెడు లోతు గుంట తీస్తే ఊటంతా అక్కడికి చేరుతుంది, బకెట్టుతో తోడడం తేలిక. తోడాక నాలుగంగుళాల ఏటి ఇసుక పరిచి అప్పుడు దించండి.

ముందురోజు రాత్రే తవ్వి పెట్టుకోకండి. తెల్లారేసరికి సగం నిండుతుంది, గోడలు నాని జారతాయి. భూస్థాపనకు నాలుగు గంటల ముందు మొదలుపెడితే ముగ్గురు మనుషులకు సరిపోతుంది. చుట్టూ జానెడు ఎత్తు గట్టు వేసి, టార్పాలిన్ సిద్ధంగా ఉంచండి.

కొలత ఏడడుగులు పొడవు, మూడు వెడల్పు. పసిపిల్లలకు నాలుగూ రెండూ. మనవాళ్ళకు తల పడమర, కాళ్ళు తూర్పు. పక్కపక్క గోతుల మధ్య రెండడుగులు, వరుసకూ వరుసకూ మధ్య ఐదడుగులు వదలాలి. ఈ ఐదు ఎందుకో కట్టుబడి దగ్గర చెబుతాను. తాడు కట్టి, మేకులు కొట్టి గీయండి. కంటి అంచనాతో గీసిన వరుస పది గోతులు దాటేసరికి గజం పక్కకు పోతుంది.

తవ్విన మట్టి అంతా ఒకే పక్కన, అంచుకు రెండడుగుల దూరంలో పడాలి. అంచు మీదే కుప్ప పోస్తే ఆ బరువుకే గోడ విరుగుతుంది. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు నిలువుగా నిలబడినట్టే కనబడి, ఒక్కసారిగా పెళ్ళలుగా ఊడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో అసలు నిలవదు. నడుము లోతు దాటితే రెండు గోడలకూ తాటిపట్టెలు ఆనించి, మధ్యన సరుగుడు బాదులు బిగించాలి. లోపల మనిషి ఉండగా పైన ఇంకో మనిషి ఎప్పుడూ ఉండాలి. జనం ఏడుస్తూ అంచు మీదికి వస్తారు, ఆపలేం. గొయ్యికి రెండు పక్కలా నిలువునా రెండేసి చెక్కలు పరిస్తే బరువు ఒకచోట పడదు.

దించడానికి మోకులు రెండు, ఒక్కోటి ఇరవై అడుగులు, నలుగురు మనుషులు. నైలాను తాడు తడిస్తే చేతిలో జారుతుంది. మన కొబ్బరిపీచు మోకు తడిసినా పట్టు వదలదు. కానీ పని అయ్యాక ఎండబెట్టి దాచండి, ఏడాదికోసారి మార్చండి.

పూడ్చేటప్పుడు మొదటి అడుగు మట్టి పెళ్ళలు చిదిపి, చేత్తో వేసినట్టు మెల్లగా వెయ్యాలి. పెళ్ళలు పెళ్ళలుగా తోసేస్తే మధ్యన ఖాళీలు మిగిలి, వాననీరు ఆ దారినే పెట్టె దాకా పోతుంది. అడుగు దాటాక పక్కలు తొక్కండి, నడిమధ్య తొక్కకండి, మూత విరుగుతుంది. మిగిలిన మట్టి బయటికి పంపొద్దు. తవ్వినప్పుడు మట్టి పొంగి ఎక్కువగా కనబడుతుంది గానీ ఆరునెలల్లో అది దిగుతుంది. అంతా గొయ్యి మీదే కుప్పగా, నీరు రెండు పక్కలా జారేలా పోసేయండి.

పెట్టె విషయంలో ఇంటివాళ్ళు అడిగితే మామూలు మామిడి చెక్క చాలని చెప్పండి. టేకు పెట్టె, లోపల ప్లాస్టిక్ షీటు, సిల్కు బట్టలు మట్టిని మట్టిలో కలవనివ్వవు. నూలు బట్ట మంచిది. కొందరు సున్నం బస్తా తెస్తారు, తొందరగా కలిసిపోతుందని. సున్నం వాసనను అణుస్తుంది గానీ కలిసిపోవడాన్ని నెమ్మది చేస్తుంది. ఉప్పూ అంతే. మన తడి రేగడిలో గాలి ఆడదు గనక అసలే ఆలస్యం. అందుకే ఒకే కుటుంబం గొయ్యి మళ్ళీ తెరవమంటే ఇసుక నేలలో ఒప్పుకున్నంత త్వరగా ఇక్కడ ఒప్పుకోకండి. తెరిచినప్పుడు ఎముకలు బయటపడితే కొత్త నూలు బట్టలో మూటగట్టి, అదే గొయ్యి అడుగున ఇంకో అడుగు తవ్వి అక్కడే పెట్టాలి. ఫొటోలు తియ్యడం, నలుగురికీ చూపించడం ఎవరు చేసినా గేటు బయటికి పంపండి.

పక్క ఖబరస్తాన్‌లో మీ స్నేహితులెవరైనా పనిచేస్తుంటే వాళ్ళ పద్ధతి చూడండి. తల ఉత్తరానికి, ముఖం పడమటికి. గట్టి నేలలో పక్కగోడలోకి గూడు తొలుస్తారు, మెత్తటి నేలలో అది కూలుతుంది గనక అడుగున నడిమధ్య ఇరుకు గాడి తీసి పైన చెక్కలు పరుస్తారు. జంగాలు కూర్చోబెట్టి పెడతారు గనక వాళ్ళ గొయ్యి చదరం. ఏ పద్ధతిలోనైనా ఊట బెడద ఒకటే.

వరదల మాట. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏటిగట్టు లోపలి లంకల్లో తోట ఉన్న సంఘాలు రెండో హెచ్చరిక వచ్చాక గొయ్యి తవ్వకూడదు. ఫ్రీజరు పెట్టెలో ఉంచి పడవ మీద గట్టు ఇవతలికి తెచ్చుకోవడమే. 1986 ఆగస్టు, 2022 జూలై వరదల్లాంటివి వస్తే కొత్త మట్టి మొత్తం కోసుకుపోతుంది. వరద తీశాక మొదట చూడాల్సినవి ఆ ఏడాది గోతులే.

ఇక కట్టుబడి. నెల జ్ఞాపకార్థానికే సమాధి కట్టేయాలని తొందరపడతారు. ఏడాది లోపు ఒప్పుకోకండి, ఒక వానాకాలం ఒక వేసవి గడవాల్సిందే. లోపల మూత కూలిన రోజున పైన మట్టి అరడుగు దిగుతుంది, దాని మీద ఇటుకలు ఉంటే నడుముకు విరుగుతాయి. మన తోటలో ఒరిగిన సమాధులు చూశారుగా, వాటిలో ఎక్కువ ఇలా తొందరపడి కట్టినవే.

ఏడాది తరవాత కూడా గోడ నేరుగా పూడ్చిన మట్టి మీద లేవకూడదు. గొయ్యికి నాలుగు పక్కలా అడుగు చొప్పున తవ్వని గట్టి నేల మీదికి వచ్చేలా తొమ్మిదడుగులకు ఐదడుగుల స్లాబు వెయ్యాలి. మందం నాలుగంగుళాలు, ఎనిమిది మిల్లీమీటర్ల ఊచలు ఆరంగుళాలకు ఒకటి, రెండు వైపులా. మూడున్నర బస్తాల సిమెంటు పడుతుంది. కింద ఆరంగుళాల ఇసుక పరిస్తే వేసవిలో రేగడి నెర్రెలిచ్చినా, వానకు పొంగినా ఆ కదలిక కొంత ఇసుకలోనే పోతుంది. వరుసల మధ్య ఐదడుగులు అన్నది ఇందుకే. ఇటు అడుగు, అటు అడుగు స్లాబులు తిన్నా మోసుకొచ్చేవాళ్ళకు మూడడుగుల బాట మిగులుతుంది. పైన ఇటుక కట్టు రెండడుగుల ఎత్తు దాటొద్దు. నీరు నిలవకుండా పైభాగం కాస్త వాలుగా ఉండాలి.

ఇప్పుడు బాత్‌రూం టైల్సు అంటించడం ఫ్యాషనైంది. నాకైతే నచ్చదు. అందం సంగతి పక్కనపెట్టినా, కింది చెమ్మ పైకి లాగుతూ ఉంటుంది, టైలు దాన్ని బయటికి పోనివ్వదు, వెనకాల ఉప్పు పేరుకుని రెండేళ్ళకు డొల్లయి ఊడుతుంది. ఆయిల్ పెయింటూ అంతే, పొక్కులు లేస్తుంది. సున్నం రెండు పూతలు చవక, చెమ్మను ఊపిరి పీల్చుకోనిస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుప గ్రిల్లు వద్దే వద్దు, తుప్పు ఉబ్బి సిమెంటును చీల్చేస్తుంది.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. తోట పక్కన రొయ్యల చెరువు వస్తే ఊట ఏడాదంతా పైనే ఉంటుంది, అది కూడా ఉప్పునీరు. చెరువు గట్టుకూ మన హద్దుకూ మధ్య లోతైన మురుగు బోదె ఉండాలని పంచాయతీకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, తవ్వకం మొదలయ్యాక కాదు, ముందే. హద్దురాళ్ళు సర్వేయరు చేత కొలిపించి రంగు వేయించండి. తాగునీటి బోరు ఉన్న వైపు కొత్త వరుసలు తెరవకండి.

కలుపు సంగతికొస్తే, తుంగా గరికా కొడవలితో కొయ్యండి, పీకకండి. వాటి వేళ్ళే మెరకను పట్టి ఉంచుతాయి. గడ్డిమందు కొడితే నేల బోడై మట్టి కోసుకుపోతుంది. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతులకు తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. రావి మొక్క పగులులో రెండాకులు వేసినప్పుడే తీసేయండి. వేలంత లావైతే కోసినా మళ్ళీ చిగురిస్తుంది, సమాధి రెండుగా చీలుతుంది. కొబ్బరిచెట్టు వేళ్ళు ఏమీ చెయ్యవు, కాయలు చేస్తాయి. సిలువ చేతులు విరిగినవన్నీ కొబ్బరి కింద ఉన్నవే, గమనించండి. దింపు తీసేవాణ్ణి వేళకు పిలిస్తే చాలు. నందివర్ధనం, బిళ్ళగన్నేరు నాటుకోండి, చాకిరీ అడగవు.

పేరు చెక్కిన రాళ్ళను నీళ్ళు, మెత్తటి బ్రష్షుతోనే కడగండి. యాసిడ్ పోస్తే పాలరాయిని తినేస్తుంది, అక్షరాలు మాసిపోతాయి. నవంబరు 2న, చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజున, కొవ్వొత్తులు నేరుగా రాయి మీద అంటించకుండా ఇసుక పోసిన డబ్బాలు పెట్టించండి. మైనం గ్రానైటులోకి ఇంకితే జిడ్డు మచ్చ పోదు. దండలూ థర్మాకోలు రింగులూ మూడోరోజుకల్లా ఎత్తేయాలి, లేకపోతే కొట్టుకుపోయి తూములో అడ్డం పడతాయి. అది తుపాను నెల కూడా. 1996లో కోనసీమను ముంచిన తుపాను నవంబరు 6న వచ్చింది. అందుకని తూములూ బోదెలూ అక్టోబరులోనే బాగుచేయించండి.

గొయ్యి తీసే మావయ్యల కూలి సంఘం డబ్బుల పెట్టెలోంచి అదేరోజు ఇచ్చేయండి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళ దగ్గర అడుక్కునే పని వాళ్ళకు పెట్టొద్దు.

కాగితాల దగ్గర మెత్తబడకండి. ప్రమాదం, ఆత్మహత్య, పాముకాటు, అనుమానం, ఏదైనా సరే, పోలీసుల పంచనామా కాకుండా గేటు తియ్యొద్దు. ఒకసారి పూడ్చాక తిరిగి తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించమని ఇంటివాళ్ళకు గుర్తుచేయండి. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర అవుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు దాకా వెళ్ళాల్సి వస్తుంది, పింఛనూ బీమా అన్నీ ఆగుతాయి.

రిజిస్టరులో పేరు, తేదీ, వరుస, నంబరు అందరూ రాస్తారు. మీరు ఇంకో మూడు గడులు గీయండి: ఎంత లోతు తవ్వారు, నీరు ఎంత లోతులో తగిలింది, పెట్టె ఏ చెక్క. పదేళ్ళ తరవాత ఆ గొయ్యి తెరవొచ్చా లేదా అన్నది ఆ మూడు గడులు చూసే చెప్పగలరు. పాత రిజిస్టరుకు చెదలు తగిలాయి, 14వ పేజీ నుంచి అంచులు పోయాయి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని పేజీపేజీ ఫొటో తీసి, కొత్తదాంట్లోకి ఎక్కించండి. చదవలేని పేర్లు ఉంటే నా దగ్గరికి పట్టుకురండి.

మీ పెద్దతాతయ్య