బండికెత్తిన మాట

ఫోనుకు ఛార్జింగ్ పెట్టి వార్తలు చదవబోతే ఒకే పేజీలో ఆ మాట నాలుగైదు వేషాల్లో ఎదురవుతుంది. పెరిగిన ఛార్జీలు, దాఖలైన ఛార్జిషీటు, గుంపు మీద లాఠీఛార్జి, శాఖకు కొత్త ఇన్‌ఛార్జి, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి. వీటి మధ్య చుట్టరికం ఉందని మనకు తోచదు. టికెట్టుతో ఒకటి, పోలీసు కాగితాలతో ఒకటి, కరెంటుతో మరొకటి ఇలా విడివిడిగా మన భాషలోకి వచ్చాయి గనుక దేనికదే వేరు మాటగా స్థిరపడింది. ఇంగ్లీషులో మాత్రం ఇవన్నీ ఒక ఇంటివి. ఆ ఇంటి మూలపురుషుడు ఒక బండి.

లాటిన్‌లో కార్రుస్ అంటే బండి. అదీ రోమన్ల సొంత మాట కాదు, గాల్ ప్రాంతపు కెల్టిక్ ప్రజల నుంచి తెచ్చుకున్నది. దాని నుంచి తర్వాతి లాటిన్‌లో ‘కార్రికారే’ అనే క్రియ పుట్టింది. బండికి సరుకెత్తడం అని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరి ఛార్జి అయింది. అదే లాటిన్ క్రియ స్పానిష్ దారిన వెళ్లి కార్గో అయింది. ఇటాలియన్ దారిన వెళ్లి కారికేచర్ అయింది. ఉన్న ముక్కు మీద లేని బరువెక్కిస్తే వ్యంగ్యచిత్రమే కదా!

బండి మీద వేసే బరువును మనిషి మీద వేయడానికి ఎంతో కాలం పట్టలేదు. పని అప్పగిస్తే బరువు, అందుకే ఇన్‌ఛార్జి. నేరం ఆరోపిస్తే బరువు, అందుకే ఛార్జిషీటు. ఇదేదో ఇంగ్లీషువాళ్ల వింత ఊహ అనుకోనక్కర్లేదు. కట్టెల మోపు ఎత్తుకున్న తెలుగువాడే నేరం మోపుతాడు, పన్నులు మోపుతాడు, బాధ్యత భుజాన వేసుకుంటాడు, అప్పు తీరితే భారం దిగిందంటాడు. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే దారిన నడిచాయి. కాకపోతే మనం ఛార్జిని అరువు తెచ్చుకున్నప్పుడు బండిని అక్కడే వదిలేసి వచ్చాం.

అలా వదిలేసిన మాటలు కొత్తచోట కొత్త గుణాలు పట్టుకుంటాయి. ఇంగ్లీషులో ‘ఇన్ ఛార్జ్’ అంటే బాధ్యతలో ఉన్న అని చెప్పే పదబంధం. మన దగ్గర ఇన్‌ఛార్జి ఏకంగా ఒక మనిషి. పైగా చాలాసార్లు, అసలు అధికారి వచ్చేదాకా ఆ కుర్చీ చూసుకునే తాత్కాలికుడు. ప్రయాణానికి చెల్లించే డబ్బుకు ఇంగ్లీషులో ఫేర్ అనే వేరే మాట ఉన్నా, మనకు బస్సు ఛార్జీయే.

డబ్బు సంగతిలో ఇంగ్లీషువాళ్లూ తక్కువ తికమక పెట్టలేదు. దుకాణదారు సొమ్ము అడగడమూ ఛార్జే, కొనేవాడు ఇప్పుడు ఇవ్వకుండా ఖాతాలో రాయించుకోవడమూ ఛార్జే. బరువు ఎవరి పద్దు మీద పడుతుందన్నది చూస్తే తప్ప ఈ రెండూ ఒక్కటని తెలియదు.

ఇక తుపాకి. మందూ గుండూ కూరి తుపాకిని సిద్ధం చేయడం ఛార్జి, పేల్చి ఖాళీ చేయడం డిశ్చార్జి. ఆయుధాన్ని దెబ్బకు సిద్ధంగా పట్టుకోవడానికీ ఇదే మాట వాడారు. అక్కడి నుంచి ఆ ఆయుధంతో శత్రువు మీదికి దూకడం కూడా ఛార్జి అయింది. లాఠీఛార్జిలో ఉన్నది ఈ దూకుడే. మన వాడుకలో దూకడం మరుగున పడి, దెబ్బలు మాత్రం మిగిలాయి.

తుపాకి దగ్గరి ఈ మాటే విద్యుత్తుకు అంటుకుంది. 1745, 1746 ప్రాంతంలో యూరప్‌లో లైడెన్ జాడీ తయారైంది. రాపిడితో పుట్టిన విద్యుత్తును ఆ గాజు జాడీలో నింపి ఉంచవచ్చు, తాకితే ఒక్కసారిగా మెరుపుతో, చప్పుడుతో వదులుతుంది. తుపాకి పోలిక కళ్లముందే ఉంది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ జాడీలాగే పనిచేసే గాజు పలకలను వరుసగా కలిపి, దానికి ఫిరంగుల వరుసకు వాడే పేరే పెట్టాడు: బ్యాటరీ. విద్యుత్తు ఒకే రకమైన ద్రవమని, అది ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్ అని 1747లో లండన్‌లోని పీటర్ కాలిన్సన్‌కు లేఖ రాసిందీ ఆయనే. జమాఖర్చులు బాగా తెలిసిన ముద్రాపకుడు కదా, ప్రకృతికీ పద్దు రాశాడు.

తెలుగు శాస్త్రపాఠాలు ఇక్కడ ఒక చిత్రం చేశాయి. విద్యుత్ ఛార్జిని భారం అనలేదు, ఆవేశం అన్నాయి. బరువు మోసే వస్తువు కాస్తా పూనకం వచ్చిన వస్తువైంది. నాకైతే ఇది మూలం కంటే బాగుందనిపిస్తుంది. ఇక ప్లస్, మైనస్‌లకు ధనావేశం, ఋణావేశం. ఈ జంట ఫ్రాంక్లిన్ కంటే ఎంతో పాతది. సా.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకు అటూ ఇటూ ఉండే సంఖ్యలకు లెక్కలు చెప్పినప్పుడు వాడినవి ధనం, ఋణం అనే మాటలే. సంపద, అప్పు అన్నమాట. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను బయటపెట్టేసరికి, తీగల్లో పరుగెత్తే ఆ కణం ఫ్రాంక్లిన్ పద్దులో మైనస్ వైపు తేలింది. తెలుగులో చెప్పాలంటే, అప్పుతో తిరిగేది. కరెంటు ప్రవహించే దిశ అని మనం గీసే బాణానికి ఎదురుగా ఎలక్ట్రాన్లు నడవడం ఆ పాత నిర్ణయపు ఫలితమే.

మళ్లీ మళ్లీ నింపుకునే బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం, ఆమ్లంతో తయారుచేశాడు. ఫోనులో ఉండేది వేరే రసాయనమైనా పద్ధతి అదే. ఫోను ఛార్జయిందంటే అందులో విద్యుదావేశం పెరిగిందని చాలామంది అనుకుంటారు. పెరగదు. ఒక కొసన ఎన్ని ఎలక్ట్రాన్లు లోపలికి పోతాయో, రెండో కొస నుంచి అన్ని బయటికి వస్తాయి. పూర్తిగా నిండిన బ్యాటరీలోనూ మొత్తం ఆవేశం సున్నాయే. దానిలో చేరేది రసాయన రూపంలో దాగే శక్తి. కాబట్టి ఫోను తెర మీద నూటికి నూరు అని చూపించే ఛార్జి భౌతికశాస్త్రం చెప్పే ఛార్జి కాదు, తుపాకిలో మందు కూరినవాడిది.