మామిడికి 400 గ్రేలు, మనిషికి 4

గాజువాక నుంచి ఒక పాఠకురాలు ప్రశ్న పంపారు. అమెరికాలో ఉన్న కూతురు అక్కడి కొట్లో మన దేశపు మామిడిపళ్లు కొన్నదట. పెట్టె మీద రేడియేషన్‌తో శుద్ధి చేసినట్టు ముద్ర, పక్కనే ఆకుపచ్చ గుర్తు. “పసిపిల్లకి ఆ పండు పెట్టొచ్చా? రేడియేషన్ పండులో మిగిలిపోదా?” అని అడిగారు. పెట్టొచ్చు. మిగలదు. జవాబు ఇంతే. కానీ ఆ ముద్ర వెనక ఒక అంకె ఉంది: 400 గ్రేలు. వ్యవసాయం, వైద్యం, భౌతికశాస్త్రం మూడూ కలిసే చోటు ఆ అంకె. దాని గురించి రాయాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

కిలో పదార్థం కిరణాల నుంచి ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే ఆ మోతాదుని 1 గ్రే అంటారు. మనిషి ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలి వైద్యం అందకపోతే, బతకడం చావడం సగం సగం. ఇప్పుడు లెక్క చూడండి. కిలోకి 4 జౌళ్లతో నీళ్లు డిగ్రీలో వెయ్యో వంతు కూడా వేడెక్కవు. అంత కాస్త శక్తి మనిషి ప్రాణం తీస్తోందంటే, అది చేసే పని వేడి చేయడం కాదు, కోయడం. కోసేది డీఎన్ఏని.

డీఎన్ఏని రెండు పేటల మోకు అనుకోండి. ఫిషింగ్ హార్బర్‌లో మోకులు బాగుచేసే జాలరి దగ్గర కాసేపు కూర్చుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది. ఒక పేట తెగితే అతనికి అదొక పనే కాదు. రెండో పేట ఆసరాగా ఉంది కదా, దాని వెంబడే కొత్త నూలు పేనేస్తాడు. మన కణంలోని ఎంజైములూ అంతే, మిగిలిన పేటని చూసుకుంటూ తెగిన పేటని పూరించేస్తాయి. 1 గ్రే పడితే ఒక్కో మనిషి కణంలో ఇలాంటి ఒంటిపేట కోతలు వెయ్యి దాకా పడతాయి, చాలావరకు గంటల్లో మానిపోతాయి. రెండు పేటలూ ఒక్కచోటే తెగాయా, చిక్కు వచ్చినట్టే. కొసలు చెరోవైపు పోతాయి. ఆసరా లేదు. తొందరలో అతను పక్క మోకు కొసని తెచ్చి ముడేశాడంటే ఆ రెండు మోకులూ పాడే. కణంలో ఇలా ఒక క్రోమోజోము కొస మరో క్రోమోజోముకి అతుక్కుంటుంది. ఇలాంటి జంట కోతలు గ్రేకి 20 నుంచి 40 పడతాయి.

మామిడికి పెట్టేది గామా కిరణాలు. గామా కిరణం నేరుగా డీఎన్ఏని కొట్టేది తక్కువే. మూడింట రెండు వంతుల నష్టం నీటి ద్వారానే జరుగుతుంది. కిరణం తగిలిన నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన తునక పుడుతుంది. దాని ఆయుష్షు కొద్ది నానోసెకన్లు. ఆ లోపల అది కొద్ది నానోమీటర్లు మాత్రమే కదలగలదు. ఆ దూరంలో డీఎన్ఏ ఉంటే కోసేస్తుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే తెగిన చోట చేరి గాయాన్ని ఖాయం చేసేస్తుంది.

ముడి తప్పు పడ్డ కణం వెంటనే చావదని గుర్తుపెట్టుకోండి. ఎక్కువగా అది చచ్చేది విభజన వేళ, క్రోమోజోములు రెండు వైపులకీ లాగబడి చిక్కుపడినప్పుడు. విభజన చెందే కణాలకే కిరణాల దెబ్బ ఎక్కువని ఫ్రాన్సులో బెర్గోనియే, ట్రిబాండో 1906లోనే చెప్పారు. మామిడి కథ మొదలయ్యేది ఇక్కడే.

టెంక పురుగుని మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. పండు పైకి నున్నగా ఉంటుంది, ఎక్కడా మచ్చ ఉండదు. టెంక చీలిస్తే లోపల జీడి నల్లబడి పొడైపోయి, అందులో ముదురు రంగు ముక్కుపురుగు కాళ్లు ముడుచుకుని ఉంటుంది. తల్లి పురుగు లేతకాయ తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్ల గుజ్జులోంచి తొలుచుకుంటూ టెంకలోకి చేరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది. మందు అక్కడిదాకా చేరదు, చేరేంత వేడి పెడితే పండు ఉడుకుతుంది. గామా కిరణానికి టెంక అడ్డు కాదు. 2007లో మన మామిడి మళ్లీ అమెరికా గడప తొక్కింది ఈ 400 గ్రేల షరతు మీదే. ఆ మోతాదుకి పురుగు చావదు! పెద్ద పురుగు ఒంట్లో కణవిభజన పెద్దగా జరగదు కాబట్టి అది మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. విభజన జోరుగా సాగే సంతాన కణాలు మాత్రం దెబ్బతింటాయి. పురుగు గొడ్డుబోతుంది, దాని వంశం అమెరికా తోటల్లో పాతుకోదు. వాళ్లకి కావలసిందీ అదే.

కొత్త వంగడాల కోసం గింజలకీ కిరణాలు పెడతారు. ఎండు వేరుశనగ గింజకి 200, 300 గ్రేలు పెట్టినా మొలకెత్తుతుంది. తేమ తక్కువ, విభజన ఆగి ఉంది. మొలిచాక మాత్రం తప్పు ముడులు, మారిన డీఎన్ఏ అక్షరాలు మొక్కల్లో రకరకాలుగా బయటపడతాయి. వాటిలో పనికొచ్చేదాన్ని ఏళ్ల తరబడి వెతికి ఎంచుతారు. ముంబై ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో స్పానిష్ ఇంప్రూవ్డ్ అనే వేరుశనగ రకం గింజలకి ఎక్స్‌రేలు తగిలించి ఎంచిన టీజీ 1 రకం 1973లో విడుదలైంది. ఆ దారిలో వచ్చిన టీఏజీ 24 మన రైతులకి బాగా తెలిసిన పేరే.

సిరంజిలు, కుట్టు దారాల మీది బాక్టీరియాని చంపడానికి 25,000 గ్రేలు పెడతారు. మనిషికి 4, క్రిమికి 25,000! ఏమిటీ తేడా? పెద్ద కారణం మోకు పొడవు. మనిషి కణంలో దాదాపు 600 కోట్ల అక్షర జంటలు, ఈ.కోలై అనే బాక్టీరియాలో 46 లక్షలు. మోకు 1,300 రెట్లు పొట్టిది. కోతల రేటు అదే అనుకుంటే, 1 గ్రేకి ఈ.కోలైలో జంట కోత పడే అవకాశం వందకి మూడు పాళ్లే. వైరస్‌ది ఇంకా పొట్టి మోకు, దానికి మోతాదు ఇంకా పెంచాలి.

అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చికిత్సలో చాలా కణితులకి మొత్తం 50, 60 గ్రేల దాకా ఇస్తారు, రోజుకి 2 చొప్పున, కణితి ఉన్న మేరకే. రాత్రికి రాత్రి మంచి కణాలు ముడులు సరిగ్గా వేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకి ఆ పనితనం తక్కువ. తలకి, మెడకి చికిత్సైతే వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జల్లెడని ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. రోజూ అదే తొడిగి, తల కదలకుండా బల్లకి బిగిస్తారు. పెద్ద కణితి నడిమధ్య రక్తం అందదు, ఆక్సిజన్ ఉండదు. అక్కడి కణాలకి రెండున్నర, మూడు రెట్ల మోతాదు కావాలి. చికిత్సకి లొంగని కణితుల వెనక ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి.

పండులో రేడియేషన్ మిగలదని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, ఈ పనికి వాడే కోబాల్ట్ 60 నుంచి వచ్చే గామా కిరణాల శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. తిండిలో సర్వసాధారణంగా ఉండే కేంద్రకాల్లో తేలిగ్గా విరిగేది బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియం, దానికే 2.2 కావాలి. కిరణం ఎలక్ట్రాన్లని కదిలిస్తుంది, కేంద్రకం జోలికి పోలేదు. ఆ మాటకొస్తే చెట్టు మీది పండులోనూ పొటాషియం 40 అనే సహజ రేడియోధార్మిక పదార్థం ఉంది. 100 గ్రాముల గుజ్జులో సెకనుకి ఐదు పరమాణువుల చొప్పున విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. గామా పెట్టినా ఆ ఐదు ఐదుగానే ఉంటాయి.

ఇంటర్‌లో అర్ధాయువు లెక్కలు పేజీలకి పేజీలు చేయిస్తారు. గ్రే అంటే ఏమిటో, ఎన్ని గ్రేలకి ఏమవుతుందో చెప్పేవాళ్లు అరుదు. ఆ ఖాళీలోకే భయం వచ్చి కూర్చుంటుంది. గ్రహణం రోజు ఆవకాయ జాడీ మీద పెట్టే దర్భ రేడియేషన్‌ని ఆపుతుందని ఇప్పుడు చదువుకున్నవాళ్లే చెబుతున్నారు. సూర్యుణ్ణి చంద్రుడు అడ్డుకున్నప్పుడు మన మీద పడే కిరణాలు తగ్గుతాయి, పెరగవు. కోబాల్ట్ గామాని సగానికి తగ్గించడానికే సెంటీమీటరు పైచిలుకు మందం సీసం కావాలి, దర్భ ఏం ఆపుతుంది? గర్భిణికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా గంటల తరబడి గదిలో కూర్చోబెట్టడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అదీ మన విశాఖలో! సన్యాసం తీసుకున్నాక యూరప్ వెళ్లి, న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధన చేసిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన ఊరు ఇది.

మోకు పొడవు లెక్కకి లొంగని బాక్టీరియా ఒకటి ఉంది. 1956లో అమెరికాలోని ఒరెగాన్‌లో, గామా పెట్టిన మాంసం డబ్బా చెడిపోతే ఆరా తీసిన ఆర్థర్ ఆండర్సన్‌కి అది దొరికింది. డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ దాని పేరు. 5,000 గ్రేలు తగిలితే దాని మోకూ ముక్కలుముక్కలవుతుంది, కానీ గంటల్లో మళ్లీ అతుక్కుంటుంది. ఒక్కో కణంలో జన్యువుల ప్రతులు నాలుగైనా ఉండటం కొంత కారణం. అసలు గుట్టు మాంగనీసులో ఉందని అమెరికా శాస్త్రవేత్త మైకేల్ డేలీ బృందం చూపింది. చిన్న అణువులతో జతకట్టిన మాంగనీసు ప్రొటీన్లని ఆక్సీకరణ నుంచి కాపాడుతుంది. మోకు తెగినా, దాన్ని ముడేసే జాలరి చేతులు భద్రంగా ఉంటాయన్నమాట. ఇలాంటి మిశ్రమాన్ని ప్రయోగశాలలో తయారుచేసి వైరస్‌లకి, బాక్టీరియాకి కలిపి గామా పెట్టారు. జన్యువు తునకలైపోయింది. మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే పైప్రొటీన్లు మాత్రం చెక్కుచెదరలేదు. రోగం తెప్పించలేని, రోగం రూపు మాత్రం మిగిలిన ఆ క్రిములతో ఎలుకల్లో టీకాలు పరీక్షిస్తే పనిచేశాయి.