బురద లేని లోకంలో నాలుగు ట్రాకులు

మా మేనల్లుడు వాహనాలు కట్టే ఒక కంప్యూటర్ ఆటలో నెల రోజులు కూర్చుని రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా వారి భారీ ట్యాంకు టీ95ను నిలబెట్టాడు. పక్కకు రెండేసి చొప్పున నాలుగు ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు. బండి నత్తతో పోటీ పడింది. విసుగెత్తి బయటి రెండూ ఊడదీస్తే వేగం పెరిగింది. "మామయ్యా, అంతటి ఇంజినీర్లు ఈ రెండూ ఎందుకు తగిలించారండీ? దండగ కదా!" అన్నాడు.

దండగ కాదు. వాడి ఆటలో నేల గచ్చులాంటిది, ఎంత బరువు పెట్టినా దిగబడదు.

జర్మనీ సరిహద్దులోని సీగ్‌ఫ్రీడ్ రేఖ కాంక్రీటు కోటలను బద్దలు కొట్టడానికి తలపెట్టిన బండి ఇది. ఫిరంగిని అటూ ఇటూ తిప్పే పై గోపురం (టరెట్) లేదు, 105 మి.మీ. ఫిరంగి ముందు కవచంలోంచే పొడుచుకొస్తుంది. అందుకే దాన్ని కొంతకాలం ట్యాంకుల్లో కాక, తనంతట తాను నడిచే ఫిరంగి బండ్లలో లెక్కవేశారు. తయారైనవి రెండే, యుద్ధం చూడలేదు. ముందు కవచం మందం 305 మి.మీ. బరువు 86 టన్నులు.

ఇప్పుడు ఆ 86,000 కిలోలను ట్రాకులు ఆనే నేల మీద పరచండి. నాలుగు ట్రాకులతో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.8 కిలోలు. బరువు మారదనుకుని రెండు తీసేస్తే 1.6. ఒంటికాలి మీద నిలబడ్డ 70 కిలోల మనిషి, పాదం ఆనే చోటు 200 చదరపు సెంటీమీటర్లనుకుంటే, నేలను నొక్కేది 0.35తోనే.

బడిలో పీడనం పాఠానికి మేకు బొమ్మ గీసి వదిలేస్తారు. పిల్లల్ని ఒక్కసారి దమ్ము చేస్తున్న మడి గట్టుకు తీసుకెళితే సూత్రం బట్టీ పట్టే పని ఉండదు. ట్రాక్టరు రబ్బరు టైరు పక్కన ఇనుప కేజ్ వీల్ బిగించి మడిలోకి దింపుతారు, తారు రోడ్డెక్కే ముందు విప్పేస్తారు. టీ95దీ అదే కథ. బయటి ట్రాకులతో వెడల్పు సుమారు 4.4 మీటర్లు, విప్పితే 3 మీటర్ల పైచిలుకు. విప్పిన రెండింటినీ ఒకదానికొకటి జోడించి, బండి వెనకే లాక్కుపోయేవారు. కొత్త ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే మనవాళ్లు కూడా కేజ్ వీల్ లేకుండా మడిలోకి దిగరు, గమనించండి.

"మరి విప్పాక మలుపు తిరగడం లేదేమిటి?" అన్నాడు వాడు. భలే ప్రశ్న! ట్రాకుల బండి తిరిగేటప్పుడు ట్రాకులు నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోవాలి. దాన్ని ఎదిరించే భ్రామకం (తిప్పుడు బలం): ఘర్షణ గుణకం, బరువు, నేలనంటిన ట్రాకు పొడవు, ఈ మూడింటి లబ్ధంలో నాలుగో వంతు. దాన్ని గెలవడానికి కుడి ఎడమల తోపుడుకు దొరికే మీట, రెండు వైపుల మధ్య ఎడమే. పొడవు అంతే ఉంచి ఎడం తగ్గించాడు. మొండికేయదా మరి?

అసలు బండీ పరుగు తీసిందేమీ లేదు. 42 టన్నుల పెర్షింగ్ అనే అమెరికా ట్యాంకును లాగిన 500 అశ్వశక్తి ఫోర్డ్ ఇంజన్నే దీనికీ పెట్టారు. టన్నుకు ఆరు అశ్వశక్తి కూడా రాలేదు, గరిష్ఠ వేగం గంటకు 13 కిలోమీటర్లు. ఒకటి 1947లో కాలిపోయింది. రెండోదాన్ని వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వాయిర్‌లో ఒక మూల వదిలేసి మరిచిపోయారు. 1974లో కంటబడింది. 86 టన్నుల వస్తువును ఎక్కడ పెట్టామో మరిచిపోవడం సైన్యానికే చెల్లింది!

మావాడు అంతా విని బయటి ట్రాకులు మళ్లీ బిగించాడు. ఇంజన్ మాత్రం 1,500 అశ్వశక్తిది పెట్టాడు.