గురక మధ్యలో ఆగిపోతోందా? గుండె సంగతి కూడా చూడాలి

బీపీకి మూడు రకాల మందులు వాడుతున్నా అదుపులోకి రానివాళ్ళు గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు నుంచి తరచు మా దగ్గరికి వస్తుంటారు. గురక ఉందా అని అడిగితే ఆయన లేదంటారు. పక్కనున్న భార్య ఊరుకోదు: "గురకైతే అలవాటైపోయింది డాక్టర్ గారూ. అది ఆగిపోయినప్పుడే నాకు టెన్షన్. కుదిపితే గానీ మళ్ళీ ఊపిరి తీసుకోరు."

అపోహ: గురక పెడుతున్నారంటే గాఢనిద్ర.

వాస్తవం: ఆమె చెప్పినది స్లీప్ అప్నియా లక్షణం. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది. శ్వాస 10 సెకన్లు, అంతకు మించి ఆగడాన్ని లెక్కలోకి తీసుకుంటాం. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 30 సార్లు, ఆపైన జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే. రాత్రి నిద్రలో మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గాల్సిన బీపీ వీళ్ళలో చాలామందికి తగ్గదు. మందులకు లొంగని బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం, హార్ట్ ఫెయిల్యూర్ వీళ్ళలో ఎక్కువగా కనిపిస్తాయి.

అపోహ: ఇది లావుగా ఉన్న మగవాళ్ళ జబ్బు.

వాస్తవం: బరువు పెద్ద కారణమే. అయితే దవడ చిన్నదైతే సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ముప్పు పెరుగుతుంది. వాళ్ళు గురక మాట ఎత్తరు, నీరసమనో నిద్ర పట్టడం లేదనో చెబుతారు. ఇంటిపని అలసటేలే అని కొట్టిపారేయకండి.

అపోహ: ఒక పెగ్గు వేసుకుంటే హాయిగా నిద్ర.

వాస్తవం: మందు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. కొన్ని నిద్రమాత్రలూ అంతే.

అపోహ: సీప్యాప్ (స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళు నిద్రలో మాస్క్‌తో పెట్టుకునే మిషన్) పెట్టుకుంటే జీవితాంతం ఆక్సిజన్ మీదే బతకాలి.

వాస్తవం: అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, గదిలోని గాలే. దాన్ని కాస్త ఒత్తిడితో పంపి శ్వాసదారి మూసుకోకుండా చూస్తుంది. కరెంటు పోతే మాస్క్ తీసేయడమే. మన విశాఖ ఉక్కపోతలో మాస్క్ చిరాకు పెడుతుంది, నిజమే. సైజు, రకం మార్చి చూడాలి గానీ మూలన పడేయకూడదు. ఇక సీప్యాప్ పెట్టుకుంటే హార్ట్ ఎటాక్ రాదని నేను మాటివ్వను. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్నవాళ్ళ మీద జరిపి, 2016లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో ఆ మేలు కనబడలేదు. అయితే వాళ్ళు రాత్రికి సగటున మూడున్నర గంటలు కూడా వాడలేదు. సీప్యాప్ వాడితే పగటి నిద్రమత్తు తగ్గుతుంది, బీపీ కొంత దిగుతుంది. నైట్ డ్యూటీ దిగి బండి నడుపుకుంటూ ఇంటికెళ్ళేవాళ్ళకు ఆ మత్తు తగ్గడం ఒక్కటే ప్రాణం కాపాడొచ్చు. బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

డాక్టర్ దగ్గరికి వచ్చే ముందు, నిద్రలో ఉన్నప్పుడు రెండు నిమిషాలు ఇంట్లోవాళ్ళ చేత ఫోన్లో వీడియో తీయించండి. వీలైతే వాళ్ళనూ వెంట తీసుకురండి.