వంతెన పునాదుల గురించి వినిపించే అపోహలు - వాస్తవాలు

కాళేశ్వరం నుంచి అవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న సిరొంచకు 2016లో వంతెన వచ్చింది. అంతకుముందు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. బైకులు కూడా పడవల్లోనే పోయేవి. కారో జీపో దాటించాలంటే గోదావరి రేవుల్లో రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచేవారు. పునాదుల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, పడవ పోయి బ్రిడ్జి వచ్చిన ప్రతిచోటా నన్ను ఇవే అడుగుతుంటారు.

అపోహ: బ్రిడ్జి నిలవాలంటే నరబలి ఇస్తారు.

పచ్చి అబద్ధం. దీనివల్ల పొట్టకూటికి వచ్చిన కూలీలను ఊళ్లో అనుమానంగా చూస్తారు. ఏటి మధ్యలో మేం దింపేది అడుగు లేని కాంక్రీటు బావి, పిల్లరుకు అదే పునాది. లోపలి ఇసుకను క్రేన్‌తో తోడుతుంటే అది తన బరువుకు తానే దిగుతుంది. ఒక్కోసారి ఒకవైపు ఒరుగుతుంది, దాన్ని సరిచేసే దాకా పని ఆగుతుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు ఏరు ఏదో అడుగుతున్నట్టు అనిపిస్తుంది కాబోలు.

అపోహ: వరద రోడ్డు అంచుదాకా వస్తేనే ప్రమాదం.

అసలు భయం కింద ఉంటుంది. పిల్లరుకు కొట్టుకున్న నీరు కిందికి మళ్లి, సుడి తిరిగి, పిల్లరు అడుగున ఇసుకను తవ్వేస్తుంది. పిల్లరు దగ్గర ఈ కోత సగటు కోతకు రెట్టింపు ఉంటుందని లెక్క వేసి, బావిని దానికంటే లోతుకు దింపుతాం. వరద తగ్గాక ఆ గుంతలో వదులు ఇసుక నిండుతుంది, పైకి అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే వరద పారుతుండగా లోతు కొలవడం ముఖ్యం.

ఇక వంతెన దగ్గర ఇసుక తవ్వి తీసుకుపోయే లారీలు. ‘మళ్లీ వరదొస్తే ఇసుక నిండుతుంది’ అనేది నాకు బాగా మండే మాట. వంతెనకు 500 మీటర్ల లోపు తవ్వకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు. బావిని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న ఆ ఇసుకే. వచ్చే వరద ఎంత నింపుతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

అపోహ: పెద్దపల్లి జిల్లా ఓడేడు బ్రిడ్జి గాలికి కూలింది.

2024 ఏప్రిల్ 22 రాత్రి మానేరు మీద పడినవి గర్డర్లు, అంటే పిల్లర్ల మీద పొడవునా ఉంచే దూలాలు. 2016లో మొదలైన ఆ వంతెన అప్పటికీ పూర్తి కాలేదు. అడ్డ దూలాలు, స్లాబు వేసి కలిపేదాకా గర్డరు ఒంటరిగా, పక్కకు పడిపోయే స్థితిలోనే ఉంటుంది. దాన్ని తాత్కాలికంగా గట్టిగా బిగించాలి, త్వరగా స్లాబు వేయాలి. గాలి ఒక నెపం.

అపోహ: బ్యారేజీ మీద రోడ్డుంటే అదీ బ్రిడ్జే.

కాదు. వంతెన నీటిని వదిలేస్తుంది, బ్యారేజీ ఆపుతుంది. ఆపిన నీరు పునాది కింది ఇసుకలోంచి దారి వెతుక్కుంటుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక ఈ తేడా మన దగ్గర చాలామందికి తెలిసొచ్చింది.

అపోహ: బ్రిడ్జి వచ్చాక పడవతో పనిలేదు.

బండి ఉన్నవాడికి లేదు. చేను సరిగ్గా అవతలి ఒడ్డున ఉన్న రైతు మాత్రం బ్రిడ్జిదాకా పోయి చుట్టి రావాలి. బండ్ల కిరాయి ఉన్నన్నాళ్లు పడవకు గిట్టుబాటయ్యేది, నడిచి వచ్చేవాళ్లు తక్కువ డబ్బుతో దాటేవారు. ఆ కిరాయి పోతే మిగిలేది పాత పడవ, లైఫ్ జాకెట్లు లేని ప్రయాణం. వంతెన ఎస్టిమేట్ రాసేటప్పుడే రేవు మెట్లకు, జాకెట్లకు కొంత డబ్బు రాయమని నేనడుగుతుంటాను. మొత్తం ఖర్చులో అది లెక్కలోకే రాదు.