గింజ ఉడకనని మొండికేస్తే

ఒకే బీన్స్ పాదు, ఒకే రోజు కోసిన కాయలు. ఒలిచిన గింజల్లో సగం ఒక సీసాలో పోసి పొయ్యి పక్కన అరమీద పెట్టారనుకుందాం. మిగతా సగం మరో సీసాలో, చల్లగా పొడిగా ఉండే గదిలో. ఏడాది తిరిగాక రెండింటినీ నానబెట్టి విడివిడిగా ఉడికిస్తే, చల్లటి గదిలోవి గంటా గంటన్నరలో వేళ్ల మధ్య మెదుగుతాయి. పొయ్యి పక్కనవి మూడు గంటలైనా పంటికింద కరకరమంటూనే ఉండొచ్చు. ఆ పూట వండినవారి తప్పు ఇందులో లేదు. ఆ గింజ మెత్తబడుతుందా లేదా అన్నది నెలల ముందే సీసాలో తేలిపోయింది.

ఎండిన గింజను మనం సరుకనుకుంటాం. అది విత్తనం, ప్రాణం ఉన్నది. తేమ, వేడి పెరిగితే లోపలి ఎంజైములు కదులుతాయి, గింజ ముసలిదవుతుంది. మొలకెత్తే శక్తిని కాపాడే పొడి, చల్లదనమే మెత్తగా ఉడికే గుణాన్నీ కాపాడతాయి. ఇంట్లో బీన్సో, అలసందో, చిక్కుడో పండించుకుని గింజ దాచుకునేవారికి ఈ ఒక్క విషయం మనసుకు పడితే చాలా సందేహాలు వాటంతటవే తీరతాయి.

ఎండబెట్టడంతో మొదలుపెడదాం. నిండుగా ఎదిగిన గింజలో బరువుకు సగం దాకా నీరే ఉంటుంది. నిల్వకు అది 13 శాతం లోపుకు రావాలి. కాయ పసుపు తిరిగి, తర్వాత కాగితంలా పెళుసుబారి, ఊపితే గలగలమనేదాకా తీగ మీదే వదిలేయడం అన్నిటికన్నా మంచిది. వాన ముంచుకొస్తుంటే పాదును మొదలంటా పీకి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయొచ్చు. బాగా ఎండిన కాయ ఒక్కోసారి టప్పున పగిలి గింజల్ని చిమ్ముతుంది. తొక్కలోని నార పొరలు ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. నీరు ఆరేకొద్దీ అవి ముడుచుకుంటూ తొక్కను మెలిపెడతాయి, ఆ బిగువు తట్టుకోలేక రెండు చెక్కలూ విడిపోతాయి. ఎప్పుడు చూసినా ముచ్చటేసే దృశ్యం.

ఒలిచాక పల్చగా పరిచి ఇంకో వారం పది రోజులు ఆరనివ్వాలి. గోరు దిగకపోతే సరిపోయిందనుకుంటారు చాలామంది. నాకు సుత్తి పరీక్ష మీదే నమ్మకం. ఒక గింజను గట్టి నేలమీద పెట్టి కొడితే పెళుసుగా ముక్కలవ్వాలి. నలిగి చదునైతే ఇంకా నిమ్ము ఉన్నట్టే. పొడి ఉప్పు, గుప్పెడు గింజలు ఒక సీసాలో వేసి బాగా కుదిపి చూడటం మరో పద్ధతి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ దాదాపు 15 శాతం దాటి ఉందని అర్థం. తూకంతోనూ లెక్క కట్టొచ్చు. 20 శాతం నీరున్న కిలో గింజలు 13 శాతానికి దిగాలంటే 80 గ్రాములు తగ్గాలి, అంటే 920 గ్రాములకు రావాలి.

తొందరపడి ఎక్కువ వేడి తగిలిస్తే పైపొట్టు ముందు బిగుసుకుని నెర్రెలిస్తుంది, లోపల తేమ అలాగే ఉండిపోతుంది. విత్తనానికి ఉంచుకునేవైతే 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. మరీ ఎండగట్టడమూ మంచిది కాదు. కొన్ని రకాల్లో పొట్టు నీరు చొరబడనంతగా మూసుకుపోతుంది. రాత్రంతా నానినా ఉబ్బకుండా గిన్నె అడుగున చిన్నగా మిగిలిపోయే గింజలు అవే.

ఇక పురుగు. సీసాలో పుట్టిందనుకుంటాం కానీ చాలాసార్లు అది తోటలోంచే వస్తుంది. బీన్స్‌ను పుచ్చబెట్టే చిన్న పెంకుపురుగు, ఎండుతున్న కాయల దగ్గరే గుడ్లు పెట్టగలదు. లార్వా గింజలోకి దూరి లోపలే తిని పెరుగుతుంది. మనకు గుండ్రటి రంధ్రం కనిపించేసరికి తిన్నది బయటికి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే, బాగా ఎండిన గింజల్ని మూత బిగించిన డబ్బాలో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచితే గుడ్డు నుంచి పురుగు దాకా అన్నీ చస్తాయి. తడి ఉన్న గింజను అలా పెడితే మంచు స్ఫటికాలు మొలకనే చంపేస్తాయి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే గాలిలోని తేమంతా గింజలమీద చెమటలా పడుతుంది.

ఫ్రీజర్ లేనివారికి గాలి దూరని డబ్బా చాలు. లోపలి పురుగులు ఉన్న ఆక్సిజన్ వాడుకుని, తర్వాత కదల్లేక ఆగిపోతాయి. 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తయారుచేసిన మూడు పొరల సంచి ఈ సూత్రంతోనే పనిచేస్తుంది. మరో ఉపాయం నాకెంతో ఇష్టం. కొత్తగా పుట్టిన లార్వా ఒక గింజలోకి తొలవాలంటే పక్క గింజకు ఒళ్లు ఆనించి నిలదొక్కుకోవాలి. ఆ పనికి దానికి గంటల తరబడి సమయం పడుతుంది. రోజూ కొన్నిసార్లు డబ్బాను దొర్లిస్తే దాని ఆసరా తప్పిపోతుంది, తొలిచే పని మళ్లీ మొదటికొస్తుంది, చివరికి అలసి చస్తుంది. మందూ మాకూ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ పొయ్యి పక్క సీసా సంగతి. గింజలోని కణాల్ని ఒకదానికొకటి అతికించేది పెక్టిన్. ఉడకడమంటే ముఖ్యంగా ఈ బంక కరిగి కణాలు విడిపోవడమే. అదే గింజలో మొలక కోసం దాచిన భాస్వరపు నిల్వ, ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టుకుని ఉంటాయి. వేడి 30 డిగ్రీలు దాటి, తేమా ఎక్కువగా ఉంటే, ఫైటేజ్ అనే ఎంజైము ఆ నిల్వను విడగొడుతుంది. విడుదలైన కాల్షియం, మెగ్నీషియం వెళ్లి పెక్టిన్ పోగుల్ని ఒకదానితో ఒకటి కట్టేస్తాయి. బంక కాస్తా సిమెంటు అవుతుంది. ఇలాంటి గింజ నీరు పీల్చుకుని చక్కగా ఉబ్బుతుంది కూడా, ఉడకదంతే.

విత్తనాల నిల్వకు హారింగ్టన్ సూత్రమని ఒకటుంది. గింజలో తేమ 1 శాతం తగ్గినా, ఉష్ణోగ్రత 5.6 డిగ్రీలు తగ్గినా విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందని. 5 నుంచి 14 శాతం తేమ మధ్య ఇది స్థూలంగా వర్తిస్తుంది. అది మొలక గురించి చెప్పిన మాటే అయినా, వంటకు దాచే సీసాను ఎక్కడ పెట్టాలో కూడా దాంతోనే తేల్చుకోవచ్చు.

రసాయనం తెలిస్తే వంట సులువు. ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదన్న మాట తరతరాలుగా వస్తోంది. అది నిజం కాదని గట్టిగా చెప్పాలి. నానబెట్టే నీళ్లలో లీటరుకు 15 గ్రాముల ఉప్పు వేస్తే, సోడియం వెళ్లి పెక్టిన్‌లోని కాల్షియం చోటు కొంత ఆక్రమిస్తుంది. పొట్టు మెత్తబడుతుంది, రుచీ లోపలికి ఇంకుతుంది. మెత్తబడనివ్వనిది పులుపు. ఆమ్లంలో పెక్టిన్ కరగదు, కాబట్టి పులుపు వేసేది గింజ ఉడికాకే. కాల్షియం ఎక్కువున్న కఠినమైన బోరునీళ్లూ ఆలస్యం చేస్తాయి. తినే సోడా దీనికి వ్యతిరేకం, చిటికెడు చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, థయామిన్ విటమిన్ పోతుంది. నిల్వలో గట్టిపడిన గింజలకు చిటికెడు సోడా, 120 డిగ్రీల దాకా వేడెక్కే ప్రెషర్ కుక్కర్ కలిస్తే చాలావరకు లొంగుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం ఎవరూ వదలకూడదు. రాజ్మా, బీన్స్ జాతి గింజల్లో ఫైటోహిమగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం విష ప్రొటీన్ ఉంటుంది. పచ్చిగానో సగం ఉడికినవో నాలుగైదు ఎర్ర రాజ్మా గింజలు తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు రావచ్చు. సన్నని వేడిమీద గంటల తరబడి ఉంచే స్లో కుక్కర్‌లో ఆ విషం చావదు సరికదా, 80 డిగ్రీల దగ్గర ఇంకా పెరిగిన సందర్భాలున్నాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లనివ్వాలి. సన్నసెగ మీదకు మార్చేది ఆ తర్వాతే. పారబోసే నీళ్లతో పాటు కడుపుబ్బరం తెచ్చే రాఫినోస్, స్టాకియోస్ చక్కెరలు కొంత పోతాయి.

ఉడికిందో లేదో చూసేటప్పుడు ఒక్క గింజతో సరిపెట్టకండి. ఇంటి పాదు కాయలన్నీ ఒకే రోజు ముదరవు, ఒకేలా ఎండవు. గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి ఐదారు గింజలు తీసి నొక్కి చూడండి. వాటిలో ఏ ఒక్కటి గట్టిగా ఉన్నా మూత మళ్లీ పెట్టేయండి.