చిరుధాన్యాల్లో పురుగుల నివారణ: అపోహలు - వాస్తవాలు

రసాయనాల జోలికి పోకుండా చిరుధాన్యాలు పండించాలనుకునే రైతులతో మాట్లాడేటప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే నమ్మకాలివి.

అపోహ: ఇవి మొండి పంటలు, పురుగు పట్టదు.

వాస్తవం: నీటి ఎద్దడికి తట్టుకుంటాయన్నది నిజమే, పురుగుల సంగతి వేరు. జొన్నకు మొవ్వు (మొక్క నడిమి లేత ఆకుల చుట్ట) తొలిచే ఈగ, కాండం తొలిచే పురుగు, కంకి నల్లి ఉన్నాయి. రాగికి గులాబీ రంగు కాండం తొలిచే పురుగు, సామ, వరిగలకు మొవ్వు ఈగ తప్పవు. 2018లో భారత్‌లో బయటపడిన కత్తెర పురుగు మొక్కజొన్నతో ఆగలేదు, జొన్న మీదకీ వచ్చింది.

అపోహ: మొవ్వు ఎండగానే మందు కొడితే పైరు తేరుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మొవ్వు ఈగ మొలకెత్తిన వారం నుంచి సుమారు నెల రోజుల పైరు మీదే పడుతుంది. ఆకు అడుగున సన్నటి తెల్లని గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్ల పురుగు మొవ్వులోకి దిగి, పెరిగే కొసను కోసేస్తుంది. ఎండిన మొవ్వును లాగి చూడండి, తేలిగ్గా ఊడొస్తుంది. మొదలు కుళ్లి కంపు కొడుతుంది. అప్పటికి ఆ పిలక పని అయిపోయినట్టే. లోపలున్న పురుగుకు వేప కషాయమైనా, రసాయనమైనా సరిగా అందదు.

ఈ ఈగను గెలవాల్సింది విత్తే రోజునే. వానలు పడగానే, చుట్టుపక్కల పొలాలన్నీ కలిసి కొద్ది రోజుల తేడాలో విత్తుకోవాలి. ముందు వేసిన పొలాల్లో పెరిగిన ఈగలన్నీ ఆలస్యంగా వేసిన పొలం మీద ఒక్కసారిగా పడతాయి. విత్తనం కాస్త ఎక్కువ వేసి, మొవ్వు చచ్చిన మొక్కల్ని పీకి పొలం బయట పూడ్చేయండి. ఆలస్యం తప్పకపోతే ఈగను తట్టుకునే రకమే వేయండి.

అపోహ: వేప కషాయం కొట్టిన వెంటనే పురుగు చావకపోతే అది పనిచేయనట్టే.

వాస్తవం: వేపలోని అజాడిరక్టిన్ పురుగుకు తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం విడవనివ్వదు. ఫలితానికి కొన్ని రోజులు ఆగాలి. 5 శాతం కషాయానికి 5 కిలోల వేపగింజల పలుకుల పొడిని రాత్రంతా నానబెట్టి వడగట్టి, మొత్తం 100 లీటర్లు అయ్యేలా నీళ్లు కలపాలి. ఎండకు దాని శక్తి తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టండి. అదీ చిన్న పురుగుల మీద. బాగా ఎదిగినవాటిపై పెద్దగా పనిచేయదు.

అపోహ: ట్రైకోకార్డులు ఎప్పుడు కట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: ట్రైకోకార్డు అంటే ట్రైకోగ్రామా అనే సన్నటి పరాన్నజీవిని పొలంలోకి వదిలే అట్టముక్క. ఈ పరాన్నజీవి కాండం తొలిచే పురుగు గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పొదిగి, పిల్ల పురుగులు తొలిచిన చిల్లులు ఆకుల మీద వరుసగా కనిపించాక కార్డు కడితే ఏం లాభం? రెక్కల పురుగులు తిరుగుతున్నప్పుడే కట్టాలి.

అపోహ: కాండంలో కనిపించే ప్రతి జీవీ శత్రువే.

వాస్తవం: కాండం చీల్చి చూసినప్పుడు సొరంగంలో తెల్లటి చిన్న గూళ్లు గుంపుగా కనిపిస్తే వాటిని నలపకండి. అవి కొటీసియా అనే పరాన్నజీవివి. కాండం తొలిచే పురుగును లోపలి నుంచి తినేసి, బయటికొచ్చి గూళ్లు కట్టుకున్నాయన్నమాట. ఆకుల మీది అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా మన పక్షమే.

అపోహ: అంతర పంట ఆదాయం కోసమే.

వాస్తవం: జొన్నలో కంది, అలసంద వేస్తే కాండం తొలిచే పురుగు ఉధృతి తగ్గుతుంది. కెన్యాలోని ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. సాళ్ల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాసపు మొక్క వేస్తే దాని వాసనకు పురుగు దూరంగా పోతుంది. చుట్టూ వేసిన నేపియర్ గడ్డి దాన్ని తనవైపు లాక్కుంటుంది.

అపోహ: కోతతో పురుగు బెడద తీరిపోతుంది.

వాస్తవం: కాండం తొలిచే పురుగు మోళ్లలో, చొప్పలో నిద్రావస్థలో ఉండిపోయి, మళ్లీ వానలకు బయటికొస్తుంది. కోత కాగానే మోళ్లు పైకొచ్చేలా దున్నండి. చొప్పను ముక్కలు చేసి పశువులకు వేయండి, వచ్చే పంట విత్తేలోపు కుప్ప ఖాళీ అయ్యేలా చూసుకోండి.